వైవాలో అడిగిన ఒకే ఒక్క ప్రశ్న

2005 ప్రాంతంలో కర్నూలులో పీహెచ్‌డీ చేశాను. ఓర్వకల్లు దగ్గర మా ఊరి రాతినేలల్లో ఇక ఎంత లోతు బోరు వేసినా నీళ్లు పడవని నా పరిశోధనలో తేలింది. మా నాయన నమ్మలేదు. "పెద్దసారు ఏమంటాడో వినల్ల," అంటూ వైవాకు వచ్చి వెనక కూర్చున్నాడు.

పరీక్షించడానికి బయటి ఊరి నుంచి వచ్చిన ఆ పెద్దసారు నా థీసిస్ తెరవనేలేదు. "మంత్రాలయంలో దర్శనం ఎన్నింటిదాకా ఉంటుందమ్మా?" అని మాత్రం అడిగారు. కారు మాట్లాడి దర్శనం చేయించాల్సింది విద్యార్థులమే కదా, చెప్పాను. చప్పట్లు కొట్టి డాక్టరేట్ ఖాయం చేశారు.

"నువ్వు రాసింది నిజమైతే ఆయప్ప ఒక్క మాటన్నా అడక్కుండా పోతాడామ్మా?" అన్నాడు నాయన.

ఆ వేసవిలోనే మళ్లీ బోరు వేయించాడు. పైకొచ్చింది రాతిదుమ్మే. ఎవరైనా డాక్టర్‌గారూ అని పిలిస్తే, ఇప్పటికీ ఆ దుమ్ము నా కళ్లలో పడినట్టే ఉంటుంది.