నలభయ్యో దినానికి కొరమీను

మార్కాపురం పలకల ఫ్యాక్టరీల్లో కాలేషా పేరు చెబితే గుర్తుపట్టనివారు తక్కువ. యౌవనంలో ఆయన రాయి కోసే యంత్రం దగ్గర నిలబడ్డాడు. దగ్గు పట్టుకున్న తరువాత పలకలకు చెక్క చట్రాలు బిగించే పనికి మారాడు. ఆయన బిగించిన చట్రం ఊడివచ్చిందని ఎవరూ చెప్పగా వినలేదు. మనిషి మితభాషి. ఆదివారం వస్తే మాత్రం గాలపు కర్ర భుజాన వేసుకుని కంభం రైలు ఎక్కేవాడు. కంభం చెరువులో కొరమీను పడితే, సాయంత్రానికి దాన్ని తడి గోనెలో చుట్టి ప్రాణంతోనే ఇంటికి తెచ్చేవాడు. భార్య జహరాబీ పులుసు పెట్టేది. ఆ దంపతులు ముచ్చటగా మాట్లాడుకున్న మాటలంటూ ఏవైనా ఉంటే, అవి ఆ పులుసు దగ్గర మాట్లాడుకున్నవే.

ఆ జహరాబీ చాలాకాలం మంచాన ఉండి, తొలకరి రోజుల్లో కన్నుమూసింది.

కాలేషా ఏడవలేదు. మట్టి ఇచ్చి వచ్చిన నాడు అరుగు మీద కూర్చుని, పలకరించిన ప్రతివారికీ తల ఊపాడు. దుఃఖాన్ని బిగబట్టుకున్నాడని అనుకోవడానికి లేదు. రావలసినది రాలేదు, అంతే. అన్నం పెడితే తిన్నాడు. అందులో ఉప్పు ఉన్నదీ లేనిదీ ఆయనకు తెలియలేదు. ఫ్యాక్టరీకి పోయి చట్రాలు బిగించి వచ్చాడు. బంధువులు ఇది చూసి లోలోపల గొణుక్కున్నారు గాని, జహరాబీ చెల్లెలు ఖాసింబీ గొణిగే రకం కాదు.

“బతుకంతా రాయి కోసి కోసి, మా బావ కూడా రాయే అయినాడు” అని నలుగురిలోనే అన్నది.

కాలేషా ఆ మాట విన్నాడు. అది కూడా ఆయనకు తగలలేదు.

నలభయ్యో దినం దగ్గర పడింది. ఆ నాడు ఫాతెహా ప్రార్థన చదివించేటప్పుడు, పోయిన మనిషి బతికుండగా ఇష్టపడి తిన్నది వండి, ఊదు పొగ ముందు పెట్టడం ఆ ఇంటి వాడుక. జహరాబీకి ఏది ఇష్టమో ఎవరినీ అడగవలసిన పని లేదు.

“బజార్లో కొరమీను కావలసినంత దొరుకుతాది నాయనా. తొట్లో బతికినవే ఏసి అమ్ముతాండారు. పొద్దున్నే పోయి తెస్తా” అన్నాడు కొడుకు ఆరిఫ్. అతడు ఆటో నడుపుతాడు.

“అవి గుంతల్లో మేతేసి పెంచినవి. మీ అమ్మ ఎప్పుడన్నా నోట్లో పెట్టిందా?”

ఆరిఫ్ తల దించుకున్నాడు. ఒకసారి అతడు అటువంటి చేపనే తెచ్చి, చెరువుదని తల్లికి చెప్పాడు. ఆమె ఒక్క ముద్ద తిని కంచం పక్కకు జరిపి, “ఇది చెరువు మొగం చూడలేదు నాయనా” అని ఊరుకుంది.

“అట్లయితే నువ్వే పట్టుకొనిరా మామా. గాలం అటక మీదనే ఉంది గదా” అన్నది కోడలు తస్లీమ్.

గాలం ఉన్నమాట నిజమే. అడ్డు వేరే ఉంది. కొరమీనుకు కాలేషా ఎప్పుడూ వాడిన ఎర బతికిన కప్ప. దాని వీపున గాలపు ముల్లు గుచ్చి నీళ్ళ మీద వేలాడదీసి, కర్రను గట్టున పాతి, తాను దూరంగా కూర్చునేవాడు. కప్ప తన్నుకునేది, ఆ అలికిడికి చేప వచ్చి మింగేది. కదలని ఎరను కొరమీను ముట్టదు. నిరుడు ఒక ఆదివారం, ముల్లు దిగిన కప్ప ఒకటి డబ్బాలో మిగిలిపోయి, ఇంటికి వచ్చాక మూత తోసుకుని బయటికి గెంతింది. అప్పటికే చేతికి సూదులతో మంచం పట్టి ఉన్న జహరాబీ, గోడవార గెంతలేక గెంతుతున్న దానిని చాలాసేపు చూసింది.

“నా చేతికీ సూదే, దాని వీపుకూ సూదే. ఇంక ప్రాణమున్నదాన్ని ఎరగా ముల్లుకు గుచ్చొద్దు. నా మీద ఆన” అన్నది.

ఆనాటి నుండి కాలేషా గాలం ముట్టలేదు. ఇప్పుడు ఆమె పేర పెట్టే కంచంలోకి చెరువు చేప కావాలి. ఆమె పెట్టిన ఆన తప్పి తెచ్చిన చేపను ఆమె కంచంలోనే పెట్టడమా? అంతకంటే కంచం ఖాళీగా ఉండడమే మేలు. ఖాళీగా ఉంచితే, ఆమెకు చేయడానికి మిగిలిన ఒక్క పని కూడా తన చేత కాలేదన్నమాట. ఈ రెంటి నడుమ కాలేషా రెండు రోజులు నలిగాడు. అప్పుడు ఆయనకు హరిబాబు గుర్తుకు వచ్చాడు.

హరిబాబుది పైపులు, మోటార్లు అమ్మే దుకాణం. వారు వైశ్యులు, ఇంటికి కోడిగుడ్డు కూడా రాదు. అయినా అతడికి చేపలు పట్టే పిచ్చి ఉంది. పట్టిన చేపను ఫోటో తీసుకుని మళ్ళీ నీళ్ళలో వదిలేసేవాడు. ప్రాణమున్న ఎర ముట్టడు. రబ్బరు కప్పతో పడతాడు. ఈ సంగతి ఇంట్లో తెలియకుండా, గాలపు కడ్డీలను దుకాణంలోని లావుపాటి పైపుల్లో దాచేవాడు. చెరువు గట్టున అతడిని చూసి కాలేషా ఒకప్పుడు నవ్వుకున్నాడు.

దుకాణానికి కాలేషా వెళ్ళేసరికి, హరిబాబు తండ్రి దశరథరామయ్య గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఉన్నాడు.

“రబ్బరు కప్ప కావాల శెట్టీ” అన్నాడు కాలేషా.

“చిన్నగ చిన్నాయనా, మా నాయన ఉండాడు” అని హరిబాబు గొంతు తగ్గించాడు.

“ఏం కావాలంటరా ఆయనకు?” అని గల్లా దగ్గరనుండి ప్రశ్న వచ్చింది.

“వాసరు నాయనా. రబ్బరుది.”

“రెండో అరలో ఉండాయి చూడు. పాతవి అంటగట్టబాక.”

హరిబాబు రెండో అర వంక పోయి, వెనుకనుండి చిన్న అట్టపెట్టె తీసి కాలేషా చేతిలో పెట్టాడు. కాలేషా మెల్లగా చెప్పిన విషయం అంతా విన్నాడు.

“ఇచ్చి పొమ్మంటే పోయేది కాదు చిన్నాయనా, దీని చదువు వేరే ఉంది. రేపు తెల్లారక ముందే బండి తెస్తా. నా కడ్డీ ఒకటి నీకిస్తా” అన్నాడు.

ఆ రాత్రి కాలేషా కప్పను దీపం దగ్గర పెట్టుకుని పరిశీలించాడు. ఆకుపచ్చని వీపు, తెల్లని పొట్ట, కాళ్ళకు బదులు రబ్బరు పోగులు. లోపల బోలు. రెండు ముండ్లు వీపుకు కరుచుకుని, మొనలు కనబడకుండా పడుకుని ఉన్నాయి. తయారుచేసినవాడు పని సరిగా చేయలేదని ఆయనకు తోచింది. చట్రం వంకరగా వస్తే సరిచేయకుండా వదిలే చేతులు కావవి. పట్టకారు తీసి, రెండు ముండ్లనూ బయటికి వంచి, మొనలు చక్కగా నిలిచేటట్లు చేసి పడుకున్నాడు.

తెల్లవారేసరికి ఇద్దరూ కంభం చెరువు వెనుకభాగాన, కొండల వైపు ఉన్న లోతులేని నీళ్ళ దగ్గర ఉన్నారు. తామరాకులు, తూటికాడలు నీళ్ళను కప్పివేసి ఉన్నాయి. ఎక్కడో ఒకచోట ఆకుల నడుమ నల్లని నీరు చేటంత మేర కనబడుతోంది. కొరమీను అక్కడే కాపు వేస్తుందని కాలేషాకు తెలుసు. కప్పను అక్కడికి విసిరి, అలవాటు చొప్పున కడ్డీని మట్టిలో గుచ్చి, కండువా పరుచుకుని కూర్చున్నాడు.

“ఏంది చిన్నాయనా, కూచున్నావు?”

“వచ్చి తినాల గదా.”

“నీ పాత కప్ప అయితే దాని పాటికి అదే తన్నుకుంటాది. ఇది రబ్బరు. నువ్వు ఆడిస్తేనే కప్ప, లేకుంటే చెప్పు ముక్క. కొంచెం లాగు, ఆపు. ఆకు మీదికి ఎక్కించు, నీళ్ళలోకి దింపు, ఆపు.”

కాలేషా లాగాడు. కప్ప మూరెడు దూరం వచ్చి తూటికాడకు పట్టుకుంది. విడిపించి మళ్ళీ వేశాడు. ఈసారి తామర తీగకు పట్టుకుంది. నాలుగోసారి చెత్త మోపెడు వచ్చింది గాని కప్ప కనబడలేదు. హరిబాబు ఆ చెత్త విప్పి, కప్పను చూసి, నోరు తెరిచాడు.

“ఈ ముండ్లు ఎవరు విప్పినారు?”

“నేనే. మూసుకొని ఉండాయి, చేపకు ఎట్ల తగుల్తాయని.”

“నీకు దండం చిన్నాయనా. మూసుకొని ఉండేదే దాని మర్మం. ఆకులో పట్టుకోకుండా జారిపోవాల. చేప కరిస్తే రబ్బరు నలిగి ముల్లు తనంతట తాను లేస్తాది. పలక చట్రం అనుకున్నావా, పట్టకారు తీసుకొని కూచోడానికి?”

ఇంకొకప్పుడైతే కాలేషా నవ్వేవాడే. ఇప్పుడు ఊరకే తల ఊపి, ముండ్లను యథాస్థానానికి వంచాడు. హరిబాబు రెండో పాఠం చెప్పాడు. ఇది వినడానికి సులభం, చేయడానికి కష్టం. చేప కప్ప మీద పడినప్పుడు నీళ్ళు పెద్ద చప్పుడుతో పగులుతాయి. ఆ చప్పుడుకు మనిషి ఉలిక్కిపడి లాగుతాడు. లాగితే, చేప ఇంకా నోరు మూయకముందే కప్ప ఊడి వస్తుంది. చప్పుడు విని లాగకూడదు. దారం బరువెక్కి పక్కకు పోయిన తరువాతనే లాగాలి.

“చెప్తాండా గాని, నాకే చేత కాదు. గుండె ఆగదు” అన్నాడు హరిబాబు. అన్నట్లే, కాసేపటికి అతడి కప్ప మీద నీళ్ళు పగిలాయి. అతడు ఉలిక్కిపడి లాగాడు. కప్ప గాలిలో ఎగిరి వచ్చి అతడి చొక్కాకే తగులుకుంది. “చూసినావు గదా. ఇట్ల చేయగూడదు” అని తానే విప్పుకున్నాడు.

ఆ ఉదయం కాలేషాకు ఏమీ పడలేదు. మణికట్టు మాత్రం మెల్లగా దారికి వచ్చింది. లాగడం, ఆపడం, ఆకు మీదనుండి దింపడం. ఎండ ఎక్కేవేళకు ఆ రబ్బరు ముక్క నీళ్ళ మీద కప్పలాగానే నడిచింది. దాన్ని చూస్తూ ఆయన ఏమీ అనుకోలేదు.

ఇక మరునాటి ఉదయం ఒక్కటే మిగిలింది. ఆ పై రోజు ఫాతెహా. ఆ తెల్లవారుజామున బయలుదేరేటప్పుడు ఆరిఫ్ గడప దగ్గర నిలబడి, “పడకుంటే బజారుది తెస్తా నాయనా. అమ్మ ఏమనుకోదులే” అన్నాడు. కాలేషా బండి ఎక్కాడు.

ఎండ ఎక్కడం మొదలయ్యింది. ఎన్నిసార్లు విసిరినా ఆకులు కదలలేదు. హరిబాబు గడియారం చూసుకుని, “దుకాణం తెరవాల, ఇంకో నాలుగు సార్లు చూద్దాం” అన్నాడు. కాలేషా మూలనున్న నల్లని నీటి మడుగులోకి కప్పను వేశాడు. ఒకసారి లాగి ఆపాడు. మళ్ళీ లాగి ఆపాడు.

నీళ్ళు పగిలాయి. బండరాయి పడ్డట్లు చప్పుడయింది. దూరాన కొంగలు లేచిపోయాయి. హరిబాబు చేతిలోని కడ్డీ ఆ చప్పుడుకే ఊరకే పైకి లేచింది. కాలేషా కదలలేదు. కప్ప ఉన్నచోట వలయాలు విచ్చుకోవడం చూస్తూ నిలబడ్డాడు. ఆ చప్పుడు ఎవరి ఇంట్లోనో అయినట్లు ఉంది ఆయనకు.

“చిన్నాయనా, పట్టింది” అన్నాడు హరిబాబు.

కాలేషా అప్పటికీ కదలలేదు. దారం మెల్లగా పక్కకు జరిగింది, బిగిసింది, చేతికి బరువు వచ్చింది. అప్పుడు లాగాడు.

కడ్డీ విల్లులా వంగింది. చేప తూటికాడల్లోకి దూరి మొండికేసింది. కడ్డీకున్న దారపు చక్రం తిప్పడం ఆ క్షణాన ఆయనకు గుర్తు రాలేదు. జీవితమంతా చేత్తో దారం లాగిన మనిషి. కడ్డీని చంకన పెట్టుకుని, దారాన్ని చూపుడువేలికి చుట్టి, నీళ్ళలోకి దిగి గుంజుకున్నాడు. “దారం పట్టుకోబాక, అది కోస్తాది” అని హరిబాబు అంటూనే ఉన్నాడు. చేప ఆకులు చీల్చుకుని వచ్చింది. మోచేతి పొడుగు కొరమీను. నల్లని వీపు, పాము తల. కప్ప దాని దవడ లోపల నలిగి ఉంది.

కాలేషా “బిస్మిల్లా” అని దాన్ని ఎత్తి, తడి గోనెలో చుట్టాడు.

“నేనయితే ఇప్పుడు వదిలేసేవాణ్ణి” అన్నాడు హరిబాబు.

“తినేవాడివి కాదు గనక వదుల్తావు శెట్టీ.”

“అదీ నిజమే.” కడ్డీలు సర్దుతూ, “ఇన్నేండ్లుగా నాకు రాని ఓర్పు నీకు రెండు పూటల్లో ఎట్ల వచ్చింది?” అని అడిగాడు.

“ఓర్పు కాదు. ఉలిక్కిపడాలని తెలియలే.”

హరిబాబు ఆయన వంక తిరిగాడు. అప్పుడే కాలేషా చెయ్యి చూశాడు. చూపుడువేలు తెగి, రక్తం మణికట్టు దాకా కారి ఉంది. “నొప్పి లేదా?” అంటే కాలేషా వేలు తిప్పి చూసుకుని, “ఏమో” అన్నాడు. హరిబాబు తన చేతిరుమాలు చించి కట్టాడు.

ఆ నాటి పగలంతా చేప తొట్టిలో ప్రాణంతోనే ఉంది. ఫాతెహా నాటి ఉదయం తస్లీమ్ దాన్ని బూడిద వేసి బండకు రుద్ది జిగురు పోగొట్టి, ముక్కలు చేసి, అత్త పెట్టే తీరునే మట్టిచట్టిలో పులుసు పెట్టింది. బంధువులు వచ్చారు. ఫాతెహా చదివే హజ్రత్ వచ్చి కూర్చున్నాడు. తెల్లగుడ్డ మీద అన్నం, తీపి వంటకం, పండ్లు, వాటి నడుమ పులుసు కంచం పెట్టారు. హరిబాబు అరటిపండ్లు తెచ్చి, పులుసు వాసనకు కొంచెం ఎడంగా అరుగు చివర కూర్చున్నాడు. ఊదు పొగ లేచింది. చదవడం పూర్తయింది. కాలేషా అందరితోపాటు చేతులెత్తి, దించాడు. కళ్ళు పొడిగానే ఉన్నాయి. ఖాసింబీ ఆయన మొగం వంకే చూస్తున్నది.

భోజనాల దగ్గర ఆమె మొదటి ముద్ద తిని, నమిలి, ఆగింది.

“ఇది బజారుది కాదు” అన్నది. “నువ్వే పట్టినావా బావా?”

“ఊఁ.”

“కప్పకు ముల్లు గుచ్చినావా? అక్క ఆన పెట్టింది గదా.”

“రబ్బరు కప్ప. అడుగు, శెట్టి అక్కడే ఉండాడు.”

ఖాసింబీ అడగలేదు. వంచిన తల ఎత్తకుండా తినసాగింది.

కాలేషా వేలికున్న గుడ్డ విప్పి, చెయ్యి కడుక్కుని, అన్నంలో పులుసు కలిపాడు. చింతపండు పులుపు, కారం కలిసి తెగిన వేలిలోకి దిగాయి. ఆయన చెయ్యి ఆగిపోయింది. ముద్ద కంచంలో వదిలి వేలిని చూసుకున్నాడు. అది భగ్గున మండుతోంది. మంట మోచేతి దాకా పాకుతోంది.

“ఏంది మామా, కారం ఎక్కువయిందా?” అని తస్లీమ్ దగ్గరికి వచ్చింది.

“లేదమ్మా. చెయ్యి మండుతాంది.”

“అయ్యో, కోత పడింది గదా. లేచి కడుక్కో మామా, స్పూను తెస్తా.”

“వద్దు. మండనీ” అని, కాలేషా ఆ చేత్తోనే ఇంకొక ముద్ద కలుపుకున్నాడు.