కరెంటు లేని ఇంట్లో మూడు టీవీలు

కోళ్లవ్వ పోయిందని పోయిన మంగళవారం పొద్దున మా తమ్ముడు ఫోన్ చేశాడు. "నిద్రలనే పోయింది అక్కా. కిరాణా సేటు అందరికంటె ఎక్కువ ఏడుస్తుండు" అన్నాడు. అంతవరకు నాకూ ఏడుపే వస్తోంది. ఆ చివరి మాట విన్నాక ఒళ్లు మండి ఏడుపు ఆగిపోయింది. నేనుండే వరోరాలో దొరికిన బస్సెక్కి చంద్రపూర్ దాటి మా పాత వాడకు చేరేసరికి శవాన్ని లేపబోతున్నారు.

సేటు అప్పటికే మాట్లాడుతున్నాడు. జేబులోంచి తెల్ల రుమాలు తీసి కళ్లు ఒత్తుకుంటూ "మా వాడకంతా తల్లి అసొంటిది" అన్నాడు. తల్లి అట. ఆ తల్లి కంచంలోకి రావాల్సిన బియ్యం ఎన్నేళ్లు అమ్ముకున్నావో అది కూడా చెప్పవయ్యా అని అడగబోయాను. శవం ముందర గొడవ వద్దని మా నాయన చెయ్యి పట్టుకున్నాడు. అక్కడ ఆగిపోయిన మాట ఇక్కడ రాస్తున్నాను.

కోళ్లవ్వ మాకు చుట్టం కాదు. గని పక్కన, మా క్వార్టర్ల వెనక, మట్టిగోడల మీద రేకులు కప్పిన ఇల్లు ఆమెది. పిల్లలు లేరు. భర్త కాంట్రాక్టు ఠేకేదారు కింద లారీలకు బొగ్గు ఎత్తేవాడు. బతికున్నన్నాళ్లూ గని పనే చేశాడు, చచ్చాక మాత్రం గని మనిషి కాదన్నారు. హాజిరీ పట్టీలో పేరు లేదట. మా నాయన పర్మినెంటు కాబట్టి ఆయన పేరు ఉంది. ఇద్దరూ దగ్గితే పడింది మాత్రం ఒకే నల్లటి కఫం. అవ్వకు పింఛను రాలేదు, కోళ్లు పెంచుకుని గుడ్లు అమ్ముకుంది.

ఆమెకొక అలవాటు ఉండేది. గిట్టని మనిషి మాట్లాడుతుంటే అటు తిరిగి, వాడికి వీపు పెట్టి కూర్చునేది. ఖర్రా పొగాకు నములుతూ, ఊసి, తీరిగ్గా గోడకేసి జవాబు చెప్పేది. ఠేకేదారుకు వీపే, సర్పంచుకు వీపే. అట్లా ఎందుకు అవ్వా అని చిన్నప్పుడు అడిగాను. "మొఖం సూపియ్యాలంటే అవుతలోనికి మొఖం ఉండాలె గద" అంది.

నాకు మాత్రం ఎప్పుడూ ముఖమే చూపించింది. నేను పదో తరగతి తప్పిన రోజు వాడలోని ఆడవాళ్లంతా వరసగా వచ్చి జాలిపడి వెళ్లారు. అవ్వ రెండు ఉడికిన గుడ్లు తెచ్చి, తినేదాకా పక్కన కూర్చుంది. "ఏంది పోరీ గా మొఖం? పేపర్ దిద్దినోడు నిన్నేమన్న జూసిండా? కాయితం జూసిండు. కాయితం తప్పింది, నువ్వు తప్పలే" అంది. మళ్లీ రాసి గట్టెక్కాను. ఇవాళ బడిలో పిల్లల పేపర్లు దిద్దేది నేనే. ఎర్ర పెన్ను చేతిలోకి తీసుకుంటే ఆ మాట గుర్తుకొస్తుంది.

ఇక పసుపు కార్డు సంగతి. రంగుల టీవీలు కిస్తీల మీద ఇంటింటికీ వచ్చిపడుతున్న ఏళ్లవి. ఒక చేత్తో దేశం తలుపులు బార్లా తెరిచిన సర్కారు రెండో చేత్తో రేషన్ కార్డులు ఏరడం మొదలుపెట్టింది. చౌక బియ్యం ఇకమీదట నిజమైన పేదలకే అట, వాళ్లకు పసుపు కార్డు ఇస్తారట. నిజమైన పేద ఎవరో ఎట్లా తెలుస్తుంది? చాలా తేలిక. ఇంట్లో టీవీ ఉంటే పేద కాదు. సీలింగ్ ఫ్యాన్ ఉంటే కాదు, కూలర్ ఉంటే కాదు. ఆ రూలు రాసిన పెద్దమనిషికి ఇంకాస్త ఆలోచించే తీరిక లేకపోయింది. భోజనాల వేళ అయి ఉంటుంది.

రూలు సంగతి తెలియగానే మా వాడ ఒక్కరోజులో పేదదైపోయింది. ఫ్యాన్లు దిగాయి, కొక్కేలు మిగిలాయి. కిరాణా సేటు భార్య గాజులు తీసి డబ్బాలో దాచి, పనిమనిషి దగ్గర పాత చీర అడిగి కట్టుకుంది. దిగిన సామాను ఎక్కడ పెట్టాలన్నది సమస్య. అనుమానమే రాని ఇల్లు వాడలో ఒక్కటే ఉంది. సేటు అవ్వ దగ్గరికి వచ్చాడు.

"ఒక్క పూటనే అవ్వా. నీ ఇంట్ల కరెంటే లేకపాయె, నీ మీద ఎవనికి అనుమానమొస్తది?"

"పెట్టుకోండ్రి. నా కోళ్లను తొక్కకుండ్రి" అంది అవ్వ.

అట్లా ఆ రేకుల ఇంట్లోకి మూడు టీవీలు, బోలెడు ఫ్యాన్లు, సేటుగారి ఇనుప కూలరు చేరాయి. మీద గోనెసంచులు కప్పారు. వాడలో పేదరికం నటించేవాళ్లంతా తమ సంపదను నిజమైన పేదరాలి ఇంట్లో దాచుకున్నారు. ఆమెకు కూడా కార్డు కావాలన్నది, ఆ బియ్యం రాకపోతే ఆమెకు పూట గడవదన్నది వాళ్లలో ఒక్కరికీ తట్టలేదు.

సర్వేకు పంచాయతీ గ్రామసేవక్ వచ్చాడు. మండు వేసవి. ప్రతి ఇంటి ముందూ జనం దీనంగా చేతులు కట్టుకుని నిలబడ్డారు. లోపలికి రమ్మన్నవాళ్లు లేరు, గ్లాసుడు మంచినీళ్లు ఇచ్చినవాళ్లు లేరు. లోపలికి పిలిస్తే కొక్కేలు కనబడతాయి, చల్లటి నీళ్లిస్తే ఫ్రిజ్ సంగతి బయటపడుతుంది. ఆయన గుమ్మాల్లోనే రాసుకుంటూ చివరికి అవ్వ ఇంటికి వచ్చాడు. నేను అప్పుడు అవ్వ దగ్గరే ఉన్నాను. ఆయన్ను చూడగానే అవ్వ, "మొఖమంత వాడిపోయింది. లోపలికి రా కొడుక, నీళ్లు తాగు" అంది.

వాడ మొత్తంలో ఆయన్ను మనిషిగా చూసింది ఆమె ఒక్కతే. అందుకు ఆమెకు దక్కిన బహుమానం చూడండి. ఆయన నీళ్లు తాగి, నీడ పట్టున గోనె కప్పిన దిబ్బ మీద కూర్చోబోయాడు. గోనె జారింది. టీవీ కనబడింది. ఇంకో గోనె తీశాడు, ఇంకో టీవీ.

"ఆజీ, ఇవన్నీ ఎవరివి?" అని మరాఠీలో అడిగాడు.

అప్పటికి వాడంతా గుమ్మంలో మూగి ఉంది. అవ్వ ఒక్కొక్కరి ముఖం చూసింది. సేటు తన చెప్పుల వంక చూసుకుంటున్నాడు.

"నేనెందుకు చెప్పాలె? ఎవరియో వాళ్లకు నోరు లేదా?" అంది.

ఎవరూ నోరు తెరవలేదు. ఆయన పెన్ను తీశాడు. నాకు ఆగలేదు. ఈ ఇంటికి తీగే లేదు సార్, ఈమె టీవీ ఎట్లా చూస్తుంది, ఇవి ఈమెవి కావు అన్నాను. ఆయన చెడ్డవాడేమీ కాదు, తాగిన నీళ్లు ఇంకా గొంతులోనే ఉన్నాయి. కాగితం నాకు చూపించి, "టీవీ ఉందా అని అడిగారమ్మా. కరెంటు ఉందా అని అడగలేదు. చూసింది రాయకపోతే నా నౌకరీ పోతుంది" అన్నాడు. సేటుకు పసుపు కార్డు వచ్చింది. కోళ్లవ్వ పేరు కొట్టేశారు.

సాయంత్రం అందరూ తమ తమ సామాను కోసం వచ్చారు. అవ్వ గుమ్మానికి అడ్డంగా, వాళ్లకు వీపు పెట్టి కూర్చుని ఉంది.

"గివి నావని సర్కారు రాసింది. కాదంటవా సేటు? పో, గాయనకు నీదని చెప్పి రా. చెప్పినంక ఎత్తుకపో."

సేటు బతిమాలాడు, కోప్పడ్డాడు, బియ్యం బస్తా పంపిస్తానన్నాడు. అవ్వ ఖర్రా ఊసింది.

మా నాయన, నేను ఆమెను తహసీల్ ఆఫీసుకు తీసుకెళ్లాం. టీవీలు ఆమెవి కావని వాటి యజమానులతో రాయించుకు రమ్మన్నారు. తిరిగొచ్చి సేటును అడిగాం. ఆయన నా కళ్లలోకి చూస్తూ, "నాకు టీవీ ఎక్కడిదమ్మా? సర్వేల లేదనే రాసుకపోయిండ్రు గద" అన్నాడు. మిగిలిన ఇళ్లలోనూ అదే జవాబు. మళ్లీ ఆఫీసు మెట్లెక్కుదామంటే అవ్వ వద్దంది. "గరీబోళ్లకు గూడ పరీక్ష పెట్టిండ్రు బిడ్డ. పాసయినోళ్లంత బలిసినోళ్లే" అంది.

ఆ తర్వాత ఆమె ఆ సంపదను తనకు తోచినట్టు వాడుకుంది. కూలర్‌లోని గడ్డి పీకేసి కోళ్లకు గూడు చేసింది. ఫ్యాన్ రెక్కల మీద ఒరుగులు ఎండబెట్టింది. అన్నిటికంటే పెద్ద టీవీని గుమ్మం బయట పెట్టుకుని దాని మీద కూర్చునేది. అది సేటుదే, రోజూ కొట్టుకు పోతూ వస్తూ ఆయన దాన్ని చూడాల్సిందే. అయినా ఒక్కనాడూ నాదనలేదు. సేటు ఇంట్లో సన్నబియ్యమే తింటారు, పసుపు కార్డు మీద వచ్చే బియ్యం నేరుగా కొట్లోకి వెళ్లేవి. అవ్వ గుడ్లమ్మిన డబ్బుతో ఆ బియ్యాన్నే బజారు ధరకు కొనుక్కుని వండుకుంది. చాలని రోజు ఒక పూట మానేసింది. మేం అన్నం పెడితే తీసుకునేది, తిరిగి వెళ్లే గిన్నెలో గుడ్డు పెట్టి పంపేది.

తలకొరివి మా తమ్ముడు పెట్టాడు. మూడో రోజు పిండం పిట్టకు పెట్టడానికి అందరం ఆ ఇంటి దగ్గర చేరాం. పంచాయతీ నుంచి కొత్త కుర్రాడు ఒకడు వచ్చాడు. జాగా పంచాయతీది, ఇల్లు తీసేస్తారట. "లోపల సామాను ఎవరిదైనా ఉంటే ఇప్పుడే తీసుకోండి" అన్నాడు. ఒక్కరూ ముందుకు రాలేదు. సేటు ముందు వరసలోనే ఉన్నాడు. ఆయన కొడుకు జీపు కొన్నాడని తమ్ముడు చెప్పాడు. పసుపు కార్డు ఇంకా అట్లాగే నడుస్తోందట.

"సేటూ, ఆ కూలర్ నీదే గదా?" అని అందరి ముందూ అడిగాను.

ఆయన రుమాలు తీశాడు. "నాది కాదమ్మా. అవ్వదే" అన్నాడు.

ఇన్నేళ్లుగా 'నాది' అనే ఆ ఒక్క మాట కోసమే అవ్వ ఆ గుమ్మంలో కాపలా కాసింది. ఆమె బూడిదైపోయాక కూడా అది వాళ్ల నోటికి రాలేదు. పెద్ద టీవీ మీద, వాళ్లందరికీ వీపు పెట్టి కూర్చున్నాను. లోపల కూలర్‌లో పొదుగుతున్న పెట్ట ఒకటి మెడ తిప్పి నన్ను చూసి, మళ్లీ గుడ్ల మీద సర్దుకుంది.