మోటార్ల షెడ్డులో అక్క మార్చిన ప్రాసెసర్

నా చిన్నప్పుడు మా ఇంటికి కంప్యూటర్ ట్రక్కు ఆటోలో వచ్చింది... కాలిపోయిన రెండు బోరు మోటార్ల మధ్య, అమ్మ పాత చీర చుట్టుకుని.

మాచర్లలో నాన్నకి మోటార్లకి రాగితీగ తిరగచుట్టే షెడ్డు ఉండేది. వెల్దుర్తి వైపు రైతులు కాలిన మోటార్లన్నీ ఆయన దగ్గరికే తెచ్చేవాళ్లు. ఊళ్లో ఒక నెట్ సెంటర్ మూసేస్తుంటే, అందులో ఒక కంప్యూటర్ని అక్క కోసం తెచ్చాడు. అక్క మస్తాన్‌బీ అప్పుడు డిగ్రీ కంప్యూటర్స్ ఆఖరి ఏడు. నేను ఏడో తరగతి.

మొదట్లో బాగానే నడిచింది. అక్క ప్రాజెక్టు పెద్దదయ్యేకొద్దీ మొరాయించడం మొదలుపెట్టింది. ఒక బటన్ నొక్కి, బావి దగ్గరికెళ్లి బిందె నింపుకొచ్చినా తెర మీద ఇంకా ఆ గడియారం బొమ్మే తిరుగుతుండేది...

సోమవారం ఆ ప్రాజెక్టు మీద వైవా, అంటే నోటి పరీక్ష. ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి. గుంటూరులో ఒక షాపుకి ఫోన్ చేస్తే, "అది పాతబడిపోయింది తల్లీ, కొత్తది తీసుకోండి" అన్నారు. కొత్తది కొనడం మా వల్ల అయ్యే పని కాదు. అక్క ఆ మాట విని ఊరుకోలేదు. కంప్యూటర్‌తో పాటు వచ్చిన, లోపలి మదర్‌బోర్డు వివరాలున్న పుస్తకం ముందేసుకుని, ఒక్కో పేజీ వేలు పెట్టి చదివింది. సాయంత్రం షెడ్డులోకి వచ్చి నాన్న ముందు ఆ పుస్తకం తెరిచి పెట్టింది.

"పెట్టె మొత్తం పాడవలా నాన్నా. లోపల లెక్కలు చేసే ప్రాసెసర్ ఒక్కటే చిన్నది. ఇంతకన్నా పెద్దది కూడా ఈ బోర్డుకి సరిపోద్ది. ఇదిగో, ఇందులో రాసుంది."

నాన్నకి ఇంగ్లీషు రాదు. ఆ పేజీలోని బొమ్మ మీద వేలు పెట్టాడు. "అంటే... మోటారు అట్టాగే ఉంచి, చుట్టుడు మార్చినట్టా?"

"అట్టాగే."

"అయితే పోయి తెచ్చుకో. భయమేంది?"

శనివారం అక్క ఒక్కతే గుంటూరు బస్సెక్కింది. నాలుగు షాపులు తిరిగితే ఐదో షాపులో, ఎవరో వాడి తీసేసిన ప్రాసెసర్ దొరికింది. అగ్గిపెట్టె కన్నా కాస్త వెడల్పు ఉంటుందేమో. అడుగున సన్నటి పిన్నులు, వందల్లో... చేతిసంచిలో పెట్టుకుని కిక్కిరిసిన బస్సులో నిలబడి వచ్చింది.

ఆదివారం పొద్దున్నే పొట్లం విప్పింది. మూలన రెండు పిన్నులు వంగిపోయాయి. బస్సులో ఎవరి మోచెయ్యి తగిలిందో ఏమో...

"పోయిందా ఏందే?" అంది అమ్మ. అక్క దాన్ని వెలుతురుకి పట్టి చూసింది. పెదవి కొరుక్కుంటూ నిలబడింది.

నాన్న ముక్కాలిపీట ఎండలోకి జరుపుకున్నాడు. సన్న రాగితీగలు సర్దే పట్టకారు తీసుకుని, ఊపిరి బిగబట్టి ఒక్కో పిన్నునీ వెంట్రుకవాసి చొప్పున లేపాడు. ఎంతసేపు పట్టిందో చెప్పలేను. మేం ముగ్గురం మాత్రం కదల్లేదు. రెండూ లేచి నిలబడ్డాక ప్రాసెసర్ని అక్క చేతిలో పెట్టి, "ఇక నీ పని" అన్నాడు.

అక్క పైనున్న ఫ్యానునీ, వేడిని లాగే రేకుల్నీ తీసి పక్కన పెట్టి, బోర్డు మీది చిన్న కడ్డీ ఎత్తి, పాతది తీసి, కొత్తదాన్ని ఆనించింది. నాన్న నొక్కబోతే ఆపింది. "నొక్కగూడదు నాన్నా. దానంతట అదే దిగాలి."

దిగింది... రేకులు, ఫ్యాను మళ్లీ బిగించి స్విచ్ వేస్తే తెర వెలిగింది. అమ్మ చప్పట్లు కొట్టింది.

ఐదు నిమిషాలకి ఆరిపోయింది. మళ్లీ వేస్తే మళ్లీ ఆరిపోయింది. మూడోసారికి అక్క నేల మీద కూలబడింది. "రేపే వైవా..." అంది, ఎవరితోనో అన్నట్టు.

నాన్న కరెంటు తీగ పీకేసి, లోపల చెయ్యి పెట్టి చూశాడు. "ఏందే ఇది? అడుగున కాలతంది, పైన ఈ రేకులేమో చల్లగున్నయ్. వేడి పైకి రావట్లా."

అక్క చటుక్కున లేచింది. ఫ్యాను, రేకులు మళ్లీ ఊడదీసి చూస్తే, వాటి అడుగున పొద్దున హడావుడిలో పట్టించుకోని పాత పేస్టు ఎండిపోయి పెచ్చులు కట్టి ఉంది. వేడిని రేకులకి అందించాల్సింది అదే. అక్క టీవీలు బాగుచేసే రఫీ బాబాయ్ దగ్గరికి పరిగెత్తి, కాస్త తెల్ల పేస్టు కాగితం మీద పెట్టించుకొచ్చింది. పాతది గీకేసి, కొత్తది పల్చగా పూసి మళ్లీ బిగించింది.

ఆ మధ్యాహ్నం కంప్యూటర్ ఆగలేదు. అక్కా ఆగలేదు. అన్నం కూడా అమ్మే కలిపి నోట్లో పెట్టింది.

సోమవారం వైవా నుంచి అక్క షెడ్డుకే నేరుగా వచ్చింది. "నాన్నా, ప్రాజెక్టు బాగుందన్నారు" అంటూనే ఏడ్చేసింది. నూనె చేతులతో ముట్టుకోలేక నాన్న తన తలని ఆమె తలకి ఆనించాడు...

ఇప్పుడు అక్క గురజాలలో కంప్యూటర్ పాఠాలు చెబుతోంది. నేను నరసరావుపేటలో టీచర్‌గా ఉంటున్నాను. మొన్న నా కంప్యూటర్ తెర మీద ఒక సందేశం... 'ఈ ప్రాసెసర్ మీద ఆపరేటింగ్ సిస్టమ్ కొత్త వెర్షన్ నడవదు' అని. బాగా పనిచేస్తున్న కంప్యూటర్! అక్కకి ఫోన్ చేశాను.

"ముందు నీ పని ఏది ఆగిందో చెప్పవే" అంది.

ఆలోచిస్తే ఏదీ ఆగలేదు. అక్క చెప్పినట్టు కాస్త మెమరీ పెంచి, ఉచితంగా దొరికే వేరే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకున్నాను. పాఠం తయారుచేయడానికీ, పిల్లల వీడియోలకీ హాయిగా సరిపోతోంది. పని నిజంగా ఆగే రోజు దాకా కొత్తది కొనేది లేదు.

ఇప్పటికే కొన్నిట్లో చేస్తున్నట్టు, ముందు ముందు ప్రాసెసరూ, మెమరీ, బొమ్మలు గీసే చిప్పూ, కృత్రిమ మేధ నడిపే భాగమూ అన్నీ ఒకే ముక్కలో అతికించి ఇస్తారట. వేగం ఎక్కువ, కరెంటు తక్కువ. మంచిదే. కానీ అందులో ఏ ఒక్కటి చాలకపోయినా మొత్తం మార్చాల్సిందే... అందుకే ఈసారి కొనేటప్పుడు, విప్పి మార్చుకోగలిగేది ఉందా అని ముందే అడిగి మరీ కొంటాను.

మా అమ్మాయికి కంప్యూటర్ లోపల ఏముంటుందో తెలియదు. వచ్చే ఆదివారం తనని పక్కన కూర్చోబెట్టుకుని మూత విప్పుతాను. మీ ఇళ్లలో మొదటిసారి ఆ మూత విప్పిందెవరు... పక్కన కూర్చుని చూసిందెవరు?