తన్నే బర్రె, వణికే కోడలు

మా అత్తమ్మ మొన్న తెల్లవారుజామున మిర్యాలగూడలో పోయింది. తొంభై దాటిన మనిషి. ముందు రోజు మజ్జిగ తాగి "ఉప్పు తక్కువైంది" అందట. ఫోనులో ఆ మాట చెబుతూ మా మరిది నవ్వాడు, వెంటనే ఏడ్చాడు.

రజాకార్ల గొడవ సద్దుమణిగిన ఇరవై ఏళ్లకు, కోదాడ పక్క పల్లె నుంచి ఆ ఇంటికి కోడలిగా వెళ్లాను. తల్లి లేని నన్ను నాయనమ్మ పెంచింది. ఏది ఒలికినా గరిటె కాడతో వేళ్ల కణుపుల మీద కొట్టేది. కొట్టే కొద్దీ చేతులు వణికేవి, వణికే కొద్దీ ఇంకా ఒలకబోసేదాన్ని. అత్తగారింట్లో మొదటి వారమే పాలగిన్నె జారవిడిచాను. కళ్లు మూసుకుని, దెబ్బ కోసం నేనే చెయ్యి చాపాను. అత్తమ్మ కాసేపు ఆ చేతిని చూసి, అందులో పాతగుడ్డ పెట్టింది.

"తుడువు బిడ్డా. చీమలు పడతయ్."

అంతే.

ఆ రోజుల్లోనే మామ సూర్యాపేట అంగడిలో ఒక బర్రెను కొనుక్కొచ్చాడు. పొదుగు దగ్గర చెయ్యి పెడితే తన్నేది. తన్నినప్పుడల్లా ఆయన కట్టెతో బాదేవాడు. మర్నాడు అది ఇంకా ముందే కాలు లేపేది. ఇంట్లో చిన్నపిల్లలకు చుక్క పాలు లేవు.

"వచ్చే అంగడికి తోలుకపోయి కోతకైనా అమ్మేస్త," అన్నాడు మామ.

"జర ఆగు. ముందుగాల ఆ కట్టె నాకియ్యి," అంది అత్తమ్మ. ఆ పూటే దాన్ని పొయ్యిలో పెట్టి నీళ్లు కాచింది.

మొదట్లో ఆమె పొదుగు ముట్టుకోనేలేదు. పాలన్నీ దుడ్డెకే వదిలేసి, బర్రె పక్కన ఊరికే నిలబడేది. అది కదలకుండా ఉంటే నూనె గానుగలో మిగిలిన పల్లిచెక్క గుప్పెడు పెట్టేది. కాలు లేపిందా, మాట అనకుండా చెక్క గంప తీసుకుని లోపలికి వచ్చేసేది. తరువాత వీపు నిమరనిచ్చినందుకు పెట్టింది, ఆ తరువాత పొదుగు కడగనిచ్చినందుకు.

"తన్నినప్పుడు కొడితే, మనిషంటేనే దెబ్బ అని నేర్సుకుంటది. ఊకున్నప్పుడు పెట్టాలె బిడ్డా," అనేది.

నా పప్పు బాగా కుదిరిన రోజు అందరూ తింటుంటే, "ఇయ్యాల పప్పు కోడలు వండింది," అనేది. మాడిన రోజు ఏమీ అనేది కాదు. అబద్ధం చెబితే మాత్రం పొద్దుగూకే దాకా నాతో మాట్లాడేది కాదు. అది గరిటె కంటే గట్టిగా తగిలేది.

ఒక పొద్దున చెంబు నా చేతికిచ్చి పాలు పితకమంది. నిండా నురగ వచ్చింది. నా చేతులు వణకలేదని చెంబు దించి పెట్టాక గానీ తెలియలేదు.

"అత్తమ్మా, నన్ను కూడా బర్రెలాగే మచ్చిక చేశారా?"

పకపకా నవ్వింది. "బర్రెకు చెక్కంత ఖతమైంది. నీకు వట్టి మాటలే సరిపోయినయ్."

తరువాత నాకు పిల్లలు, మనవలు. ఎవరి మీదా నా చెయ్యి లేవలేదంటే అది ఆమె చలవే.

బర్రె మా ఇంట్లోనే ఉండిపోయింది, కానీ మామను మాత్రం దగ్గరికి రానిచ్చేది కాదు. "కొనుక్కొచ్చినోన్ని నేను, నన్నే రానియ్యదా?" అని ఆయన అలిగాడు.

కొన్నాళ్లకు ఒక ఉదయం కొట్టంలో ఏవో మాటలు వినిపిస్తే వెళ్లి చూశాను. ఇంట్లో ఎన్నడూ గొంతు తగ్గించి మాట్లాడని మామ, అరచేతిలో చెక్క పట్టుకుని, "తిను తల్లీ, జర తిను, నిన్నేం జెయ్య," అని బతిమాలుతున్నాడు. బర్రె మెల్లగా మెడ చాపుతోంది. గోడ చాటున అత్తమ్మ, కొంగు నోట్లో కుక్కుకుని, భుజాలు కదిలిపోయేలా నవ్వుతోంది. నన్ను చూసి, చప్పుడు చెయ్యొద్దని చెయ్యి ఊపింది.