కత్తి కింద ఊఁ కొట్టినవాళ్ళు

ఆ సెలూన్లో రెండే కుర్చీలు. కిటికీ పక్కది కబుర్ల మాస్టారిది, గోడ పక్కది బావది. మాస్టారంటే ఏ బళ్ళోనూ పాఠాలు చెప్పిన మనిషి కాదు. కత్తి పట్టుకుంటే చాలు నోరు మూతపడదని వీధివాళ్ళు పెట్టిన పేరది. బావ ఆయన సొంత అక్క మొగుడు. మాస్టారు ఎంత వాగుడుకాయో బావ అంత ముత్యాల మూట, నోరు విప్పితే ఎక్కడ రాలిపోతాయో అన్నట్టుండేవాడు. "దేవుడు మాటలు పంచేటప్పుడు మా బావ నిద్రపోయాడండీ, ఆయన వాటా కూడా నేనే తెచ్చేసుకున్నా" అని మాస్టారు గిరాకీలతో అని నవ్వేవాడు.

పొద్దున్నే షట్టరెత్తి, నేల తుడిచి, మొదటి గిరాకీ రాకముందే వాళ్ళిద్దరూ ఒకరి గడ్డం ఒకరు గీసుకునేవాళ్ళు. ముందు బావ కూర్చునేవాడు, తర్వాత మాస్టారు. అక్క పెళ్ళయి బావ ఆ షాపులో చేరినప్పటినుంచీ ఇదే వరస. "మా బావ కత్తి కింద గొంతు పెట్టి హాయిగా నిద్రపోతాను నేను" అని మాస్టారు గొప్పగా చెప్పుకునేవాడు. చెప్పుకోవడమే కాదు, ఒక్కోసారి నిజంగానే కునుకు తీసేవాడు.

కత్తి కింద కూర్చున్న మనిషి సంగతి మీకు తెలుసు కదా. దవడ నిండా నురుగు, గొంతు మీద పదును. తల అడ్డంగా ఊపితే తెగుతుంది, నోరు తెరిస్తే నురుగు లోపలికి పోతుంది. ఇక మిగిలేది ముక్కుతో అనే ఊఁ ఒక్కటే. ఈసారి ఎండలు మండిపోతున్నాయి కదండీ అంటే ఊఁ. మీ అల్లుడిదే తప్పండీ అంటే ఊఁ. ఇన్నేళ్ళుగా వేలకొద్దీ ఊఁలు విని విని, తను చెప్పినదాన్ని లోకం ఇట్టే ఒప్పుకుంటుందని మాస్టారికి గట్టి నమ్మకం కుదిరిపోయింది. ఆ నమ్మకంలో కత్తి వాటా ఎంతో ఆయనెప్పుడూ ఆలోచించలేదు.

పక్క వీధిలో పెద్దాసుపత్రి ఉంది. రక్తం జబ్బులకి మందులెక్కించడం మొదలుపెట్టాక జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతుంటే, ఆ కుచ్చుల్ని దిండు మీద చూడలేక గుండు చేయించుకోవడానికి మాస్టారి దగ్గరికే వచ్చేవాళ్ళు. మాస్టారు వాళ్ళని అద్దం వైపు కూర్చోబెట్టడు. కుర్చీని బావ కుర్చీ వైపు తిప్పేసి, తల మీద ముందు అరచెయ్యి పెట్టి, ఆ తర్వాతే నీళ్ళు చల్లుతాడు. అంత వాగుడుకాయా అప్పుడు మాత్రం మాట్లాడడు.

అలా వచ్చినవాళ్ళలో ఒక బస్సు కండక్టరు ఉన్నాడు. మాస్టారి దగ్గరే జుట్టు నెరిసిన పాత గిరాకీ. "ఎముకల్లో మూలుగ చెడిపోయిందంట మాస్టారూ. ఎవరిదైనా కలిస్తే ఎక్కిస్తారు. మా అన్నదమ్ములవి ఒక్కటీ కలవలేదు. ఎక్కడో ఎవరో ముక్కూమొహం తెలియనివాడిది కలవాలంట" అన్నాడు. "కలుస్తుందిలేవయ్యా, అన్ని బస్సుల్లో అంతమందిని ఎక్కించుకున్నావు, ఒక్కడు కలవడా?" అన్నాడు మాస్టారు. కలవలేదు. గుండు మీద జుట్టు మళ్ళీ మొలవకుండానే కండక్టరు వెళ్ళిపోయాడు.

అది మాస్టారికి ముల్లులా గుచ్చుకుంది. మూలుగ దాతల పేర్లు చేర్చుకునే సంస్థలో పనిచేసే ఒకావిడని పట్టుకుని, బుగ్గ లోపల రాసే దూదిపుల్లల్ని షాపుకే తెప్పించాడు. మొదటి పుల్ల తనే రాసుకున్నాడు. గోడకి ఆవిడిచ్చిన పోస్టరు అంటించాడు. ఇక చూస్కోండి, ఎవడి గడ్డానికి నురుగు పెట్టినా అదే పాట.

"ఏమండీ, బుగ్గలో ఓ పుల్ల తిప్పడమే. రేపు ఎవరికైనా కలిస్తే ఓ ప్రాణం నిలబెట్టినవాళ్ళవుతారు. రాయించుకుంటారుగా?"

ఊఁ.

"మీరూ రాయించుకోండి సార్, పోయేదేముంది?"

ఊఁ.

వీధిలో సగం మగాళ్ళు దాతలైపోయారు. సంస్థ ఆవిడకి ఆశ్చర్యం. "మేము కాలేజీల్లో గంటలు గంటలు చెప్పినా ఇంతమంది ఒప్పుకోరు మాస్టారూ, మీరేం మంత్రం వేస్తున్నారు?" అంది. మాస్టారు మీసం దువ్వుకున్నాడు. బావ చేత ఎప్పుడు ఒప్పించాడంటారా? ఓ పొద్దున, వాళ్ళ రోజువారీ గడ్డం వేళలో. "నీ పేరు కూడా ఇచ్చేస్తున్నా బావా" అన్నాడు. బావ ఊఁ అన్నాడు. తువ్వాలు తీసేశాక పుల్ల బుగ్గలో పెట్టించుకుని, సంతకం కూడా పెట్టాడు.

చాలాకాలం ఎవరికీ పిలుపు రాలేదు. వస్తే తనకే రావాలని మాస్టారి ఆశ. కండక్టరు బాకీ అలాగైనా తీరుతుందనుకునేవాడు. తీరా పిలుపొచ్చింది బావకి. మాస్టారికి లోలోపల కొంచెం చివుక్కుమన్నా, మరుక్షణంలో సంబరం ముంచుకొచ్చింది. బావ ఏమన్నాడో వినకముందే వీధిలోకి పరుగెత్తాడు. టీ కొట్టుకి, సైకిల్ షాపుకి, మందుల దుకాణానికి చాటింపు వేసినట్టు చెప్పొచ్చాడు. "లక్షల్లో ఒక్కరికి కలుస్తుందండీ, మా బావది కలిసింది!" దారిన పోయేవాళ్ళు కూడా లోపలికి తొంగిచూసి బావకి దండం పెట్టి వెళ్ళారు. బావ తలొంచుకుని కత్తెర తుడుచుకుంటూ కూర్చున్నాడు. మొహమాటం అనుకున్నాడు మాస్టారు.

సంస్థ ఆవిడ ప్రతి మెట్టు మీదా అడిగింది. రక్తం మళ్ళీ పరీక్ష చేసేముందు అడిగింది. డాక్టర్లు బావని నిలువెల్లా పరీక్షించి, మత్తిచ్చి తుంటి ఎముక వెనకనుంచి మూలుగ తీస్తామని, కొన్నాళ్ళు నొప్పి ఉంటుందని, మూలుగ మళ్ళీ ఊరుతుందని చెప్పినప్పుడూ అడిగింది. "ఇప్పుడు వద్దనుకున్నా పర్లేదండీ, ఎవరూ ఏమీ అనరు. కానీ పేషెంటుకి మందులు మొదలుపెట్టాక మాత్రం వెనక్కి తగ్గకూడదు. ఆ మందులు ఉన్న మూలుగని మొత్తం చంపేస్తాయి. తర్వాత మీది అందకపోతే ఆ మనిషికి ఇంకేం మిగలదు" అని విడమర్చి చెప్పింది. పక్కనే మాస్టారు నిలబడి ఉన్నాడు. బావ మాస్టారి వైపు చూసి, "సరే" అన్నాడు.

ఆసుపత్రిలో చేరాల్సిన పొద్దున మాస్టారు బావ గడ్డం ఎప్పటికన్నా నిదానంగా గీశాడు. పటిక రాశాడు, మెడ వెనక వెంట్రుకలు సరిచేశాడు. కత్తి గొంతు మీద ఉండగా, "నిబ్బరంగా ఉన్నావుగా బావా?" అని అడిగాడు.

ఊఁ.

"నేనూ వస్తానంటే వద్దన్నావు. ఒక్కడివే వెళ్ళగలవా?"

ఊఁ.

తర్వాత మాస్టారు కూర్చున్నాడు. బావ గీశాడు. చెయ్యి ఎంత మాత్రం వణకలేదు. అది తలుచుకుంటేనే మాస్టారికి తర్వాత తర్వాత ఒళ్ళు మండేది. చెయ్యి ఎందుకు వణకలేదు?

బావ సంచీ తీసుకుని వెళ్ళాడు. మాస్టారు ఆ పూటంతా వచ్చినవాడికల్లా "మా బావ అక్కడ ప్రాణం పోస్తున్నాడు" అని చెప్పుకుంటూ కత్తెరాడించాడు. మధ్యాహ్నం సంస్థ ఆవిడ చెమటలు కక్కుకుంటూ వచ్చింది.

"మీ బావగారేరీ మాస్టారూ? ఫోన్ ఆపేసుంది. ఆసుపత్రికి రాలేదు."

మాస్టారు నవ్వాడు. "మీరు వేరే వార్డులో చూసుంటారమ్మా. నేనే పంపించా."

"రాలేదండీ!" ఆవిడ దాదాపు అరిచింది. "అక్కడ మందులు ఎక్కించేశారు. ఆ మనిషి ఒంట్లో ఇప్పుడు ఏమీ లేదు. అర్థమవుతోందా మీకు?"

కుర్చీలో ఉన్న గిరాకీని సగం గడ్డంతో వదిలేసి మాస్టారు అక్క ఇంటికి పరుగెత్తాడు. అక్క గుమ్మంలోనే అడ్డంగా నిలబడింది.

"ఆయన పొద్దుననగా ఆసుపత్రికెళ్ళారు కదరా" అంది.

ఆమె కాళ్ళ పక్కనే బావ చెప్పులున్నాయి. మాస్టారు చెప్పుల వైపు చూశాడు, అక్క వైపు చూశాడు. చిన్నప్పుడు తను అబద్ధమాడితే చెవి మెలిపెట్టిన అక్క. తల్లి పోయాక తల్లైన అక్క.

"నువ్వు కూడానా అక్కా?" అన్నాడు.

అప్పుడు ఆమె నోరు విప్పింది. "అవున్రా, నేనే వెళ్ళొద్దన్నాను. నీ పుణ్యానికి నా మొగుడే దొరికాడా? వెన్నులో సూది దించితే నడుం పడిపోతుందంట. రోజంతా నిలబడి చేసే పని ఆయనది. రేపు మంచాన పడితే ఎత్తి పోసేదెవరు, నువ్వా?"

"వెన్నులో కాదక్కా, తుంటిలో! ఎన్నిసార్లు చెప్పాను!"

"చెప్పావు, చెప్పావు. నువ్వు చెప్పడమే కానీ వినడం ఎప్పుడైనా ఉందా?"

బావ లోపలి గదిలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. పొద్దున మాస్టారు గీసిన గడ్డం నున్నగా మెరుస్తోంది. మాస్టారు ఆయన కాళ్ళ దగ్గర నేల మీద కూలబడ్డాడు. "బావా, ఇంకా మించిపోలేదు. నీ కాళ్ళు పట్టుకుంటా. నేను మోసుకెళ్తా. అక్కడ ఒక మనిషి ఖాళీ ఒంటితో ఎదురుచూస్తున్నాడు" అన్నాడు. ఆ మాట అంటూనే ఏడ్చేశాడు.

బావ గోడకేసి తిరిగాడు. "నా వల్ల కాదురా" అన్నాడు. ఎంత బతిమాలినా ఇటు తిరగలేదు.

సంస్థ ఆవిడ వీధి చివర నిలబడి ఉంది. మాస్టారు తల అడ్డంగా ఊపాడు. "ఆ మనిషి తోబుట్టువుది సగం కలిసిందట, గత్యంతరం లేక అదే ఎక్కిస్తున్నారు. ఇంతకు మించి నేను చెప్పకూడదు" అని ఆవిడ వెళ్ళిపోయింది. తర్వాత ఏమైందో, బతికారో పోయారో, ఆడో మగో కూడా మాస్టారికి ఎప్పటికీ తెలియలేదు.

కొన్నాళ్ళకి బావ మళ్ళీ పనిలోకి వచ్చాడు. ఎక్కడికి పోతాడు, ఆ కుర్చీ ఆయనదే. అలవాటుగా కిటికీ పక్క కుర్చీలో కూర్చుని గొంతు పైకెత్తాడు. మాస్టారు నురుగు కలిపాడు, కత్తి తీశాడు, మళ్ళీ మడిచేశాడు.

"నేను గీయలేను బావా. నీ చేత గీయించుకోనూలేను. ఆ పొద్దున నా గొంతు నీ చేతిలో పెట్టి కళ్ళు మూసుకున్నాను. నువ్వప్పటికే వెళ్ళకూడదని అనుకున్నావు. ఒక్క మాట చెప్పలేకపోయావా?"

బావ ఎత్తిన గొంతు దించాడు. "నువ్వెప్పుడైనా కత్తి దించి అడిగావురా? గొంతు మీద పదును పెట్టి, వీధంతా నా వెనక నిలబెట్టి అడిగావు. ఊఁ అనక ఏమంటాను?" అన్నాడు.

ఆ మాట మాస్టారి గుండెలో సూటిగా దిగింది. రాత్రీ పగలూ అదే. నిజమే కదా, తను అడిగిందెప్పుడు, జనం ఒప్పుకుందెప్పుడు? ఆ తర్వాత వచ్చిన ప్రతి గిరాకీనీ, గడ్డం అయిపోయి, తువ్వాలు తీసేసి, మొహం కడుక్కున్నాక, ఎదురుగా ఖాళీ చేతులతో నిలబడి మళ్ళీ అడిగాడు. "నిజంగా ఇష్టమేనా? కాదంటే పేరు తీయించేస్తా, నేనేమీ అనుకోను." టీ కొట్టాయన వద్దన్నాడు. మందుల దుకాణం ఆయన ఇంట్లో ఒప్పుకోరన్నాడు. సైకిల్ షాపాయన, "అబ్బే, నువ్వేదో సరదాపడుతున్నావని అన్నాను" అన్నాడు. ఒక్కొక్క వద్దు వింటుంటే, ఇన్నేళ్ళ తన స్నేహాలన్నీ నురుగేనేమో అనిపించింది. చివరికి మిగిలినవాళ్ళు గుప్పెడుమంది. సంస్థ ఆవిడ మాత్రం, "ఇదే మేలు మాస్టారూ, ముందే వద్దంటే ఎవరి ప్రాణమూ పోదు" అంది.

బావని కూడా అడిగాడు. బావ "తీయించెయ్" అన్నాడు. మాస్టారు తీయించేశాడు. తప్పు తనదీ ఉందని ఒప్పుకుని, అంతో ఇంతో బావని క్షమించేశాననే అనుకున్నాడు. ఇద్దరూ ఇప్పుడు ఎవరి గడ్డం వాళ్ళు, చెరో అద్దంలో గీసుకుంటున్నారు. అక్క మధ్యాహ్నం పంపే క్యారేజీ ఇద్దరూ కలిసే తింటున్నారు. మళ్ళీ ఒకరి కత్తి కింద ఒకరు కూర్చునే రోజు కూడా వస్తుందేమో అనుకుంటూ ఉండగా, ఒకనాడు ఆసుపత్రినుంచి ఒక పడుచావిడ భర్తతో వచ్చింది, గుండు చేయించుకోవడానికి.

మాస్టారు ఎప్పటిలాగే ఆమెని అద్దానికి ఎడంగా, బావ వైపు తిప్పి కూర్చోబెట్టాడు. తల మీద అరచెయ్యి పెట్టాడు, నీళ్ళు చల్లాడు. సగం తల అయ్యేసరికి ఆమె చూపు బావ వెనక గోడ మీది పోస్టరు మీద పడింది.

"మా ఇంట్లో ఎవరివీ కలవలేదు" అంది, ఎవరితోనో అన్నట్టు. తర్వాత బావని చూసి, నవ్వడానికి ప్రయత్నిస్తూ, "మీరు కూడా పేరిచ్చారా అన్నయ్యా?" అని అడిగింది.

బావ కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన పక్కన నిలబడి దువ్వెన తుడుస్తున్నాడు. మెడలో తువ్వాలు లేదు, దవడ మీద నురుగు లేదు, వీధి వెనకాల లేదు.

"ఊఁ" అన్నాడు బావ.

మాస్టారి చెయ్యి ఆమె తల మీద ఆగిపోయింది. అదే ఊఁ. ఆ పొద్దున విన్నది కూడా అచ్చం ఇదే. ఇన్నాళ్ళూ తను తన కత్తిని తిట్టుకున్నాడు.

"దేవుడిలాంటివారు" అంది ఆమె.

"ఇప్పుడు నీ గొంతు మీద కత్తి లేదు బావా" అన్నాడు మాస్టారు మెల్లగా.

బావ దువ్వెన కింద పెట్టి బయటికి నడిచాడు. ఆమెకి ఏమీ అర్థం కాలేదు, భర్త వైపు చూసింది. మాస్టారు కత్తిని మళ్ళీ తడిపి, చెయ్యి కుదుటపడేదాకా ఆగి, మిగిలిన సగం తల గీయడం మొదలుపెట్టాడు.