తాబేలు రాయి దగ్గర మా ఆవిడ బొట్టు

నిన్న మేముండే బాతెల్ ఊళ్లో పార్కుకి వాకింగ్‌కి వచ్చే ఒక పెద్దాయన, ఎక్కడో బైసన్ అనే అడవిదున్నని ఫర్లాంగు దూరం నుంచి చూశానని గొప్పలు పోతుంటే నా నోరు ఊరుకోలేదు. "ఫర్లాంగేమిటండీ, మిన్నెసోటాలో దాని ఊపిరి నా మొహానికి తగిలింది" అన్నాను. పాపం, ఆయన నడక వేగం పెంచాడు. మీ దగ్గర దాచడమెందుకు, నా మొహానికి తగిలింది ఉత్త గాలి. బైసన్‌లు దిగంతాన నల్లచుక్కల్లా ఉన్నాయి. మనవరాలు చూపించకపోతే బండరాళ్లనుకునేవాణ్ణి.

ఆ పిల్ల అక్కడే కాలేజీలో చదువుతోంది. పోయిన వేసవిలో నన్నూ మా ఆవిడనీ కార్లో ఎక్కించుకుని, మొక్కజొన్న చేలన్నీ దాటించి ఆ గడ్డిమైదానానికి తీసుకెళ్లింది. నడుంలోతు గడ్డి మధ్య ఎర్రటి రాతిపరుపు. దానిమీద వేల ఏళ్ల కిందటివాళ్లు చెక్కిన బొమ్మలున్నాయన్నారు. నాకు మాత్రం రాయే కనిపించింది. అయినా "ఆహా, అద్భుతం!" అన్నాను, ఊరుకుంటే బాగుండదని. మాకు అన్నీ చూపిస్తున్న, డకోటా అనే అక్కడి ఆదివాసీ జాతి ఆవిడ నవ్వుకుని, మమ్మల్ని చెప్పులు విప్పమంది. తర్వాత రాతి పక్కన ఒక అద్దం ఏటవాలుగా పట్టింది. వెలుగు అలా పాకిందో లేదో, బోర్లించిన మూకుడంత తాబేలు రాతిలోంచి లేచొచ్చింది.

"చూశావుటే, సాక్షాత్తూ కూర్మావతారం!" అన్నాను మా ఆవిడతో.

అనకుండా ఉండాల్సింది. రాతిలో దేవుడు కనిపిస్తే బొట్టు పెట్టకుండా కదిలే మనిషి కాదు మా ఆవిడ. హ్యాండ్‌బ్యాగులోంచి కుంకుమ భరిణె తీసింది, వేలు అద్దుకుంది, వంగింది.

"అమ్మమ్మా, నో! టచ్ చేయకు! ఆ కలర్ మళ్లీ పోదు!" మనవరాలు కేక పెట్టింది. ఇన్ని వేల ఏళ్లు ఎండకీ మంచుకీ నిలిచిన గీతల్లో మా ఇంటి కుంకుమ ఇంకిపోయేది. వేలు జానెడు ఎత్తులో ఆగింది. మా ఆవిడ మనవరాలి వైపు తిరిగింది.

"దేవుడని మీ తాతే కదుటే చెప్పాడు?"

నేను శ్రద్ధగా బైసన్‌ల వైపు చూశాను.

డకోటా ఆవిడ కోప్పడలేదు. అదేమిటని అడిగి తెలుసుకుంది. ఇది తన పెద్దల చోటనీ, తామూ ఇక్కడికి ప్రార్థనకి వస్తామనీ, పొగాకు తెచ్చి సమర్పిస్తామనీ, అయితే రాతిని మాత్రం ఎవరూ తాకకూడదనీ నెమ్మదిగా చెప్పింది. మా ఆవిడ తలూపింది గానీ వేలిమీద కుంకుమ అలాగే ఉంది. తీసిన కుంకుమని తుడిచేయడం ఆవిడకి చేతకాదు.

"పోనీ ఆమెకి పెట్టొచ్చేమో అడగవే."

మనవరాలు బిడియపడుతూనే అడిగింది. డకోటా ఆవిడ టోపీ తీసింది, జుట్టు వెనక్కి తోసుకుంది, తల వంచింది. మా ఆవిడ పెట్టిన బొట్టు కాస్త వంకరగా పడింది. దిద్దబోతే వద్దని నవ్వింది. మమ్మల్ని అక్కణ్ణుంచి పంపేసే హక్కున్న మనిషి మాకు తన నుదురిచ్చింది.

ఆ తాబేలు ఇంకెన్ని వేల ఏళ్లుంటుందో నాకు తెలియదు. ఆ బొట్టు మాత్రం సాయంత్రానికే చెమటకి చెరిగిపోయి ఉంటుంది. నాకు మిగిలిన కాలమంతా తలుచుకుని దణ్ణం పెట్టుకోవడానికి ఆ ఒక్క పూట చాలు.