మొదటి ఆప్షన్

రెండే రెండు మాటలు. ఎనిమిదేళ్ళుగా మోస్తున్నాను. అనడానికి ఒక్క క్షణం పట్టింది. దించుకోవడం ఇప్పటికీ చేతకాలేదు. ఇంట్లో చెప్పలేదు, స్టాఫ్ రూములో చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

నా పేరు అడక్కండి. విశాఖపట్నంలో, మల్కాపురం వైపు ఒక సర్కారు హైస్కూల్లో లెక్కల టీచర్ని. పదో తరగతి పిల్లలకి తర్వాతేం చదవాలి, ఏ పనిలోకి వెళ్ళాలి, ఇంటి ఖర్చుల లెక్క ఎలా వేసుకోవాలి అని చెప్పే శనివారం క్లాసు నాకే అప్పగించారు. నాకది నచ్చింది. నిజం చెప్పాలంటే మరీ నచ్చింది. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా వాళ్ళ పిల్లల్ని ఏం చదివించాలో చెప్పందే చెయ్యి కడుక్కోని మనిషిని నేను. మా ఆయన నన్ను సలహాల కౌంటర్ అంటారు. అది మెచ్చుకోలే అనుకునేదాన్ని.

ఎనిమిదేళ్ళ కిందట నా క్లాసులో నూకరత్నం ఉండేది. రత్నం అని పిలిచేవాళ్ళం. వాళ్ళ నాన్న సముద్రం మీద వేటకి వెళ్తాడు, అమ్మ పూర్ణా మార్కెట్లో చేపలమ్ముతుంది. బాబాయి ఫిషింగ్ హార్బర్లో బోట్ల ఇంజన్లు బాగుచేస్తాడు. ఆదివారాలు ఆ పిల్ల అతని దగ్గరే ఉండేది. గోళ్ళ సందుల్లో నల్లటి మడ్డి లేకుండా ఆ చేతుల్ని నేను చూడలేదు. పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదవాలని ఆమె కోరిక. ఎందుకని అడిగితే, ఇంజన్ ఎందుకాగిందో సప్పుడుని బట్టి తెలిసిపోద్దండి అంది. అదొక కారణమా అని నవ్వాను.

ఒక శనివారం ఇంటి బడ్జెట్ రాయించాను. ఆ రోజే పై ఆఫీసరొకాయన క్లాసు చూడటానికి వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. రత్నం పుస్తకంలో సర్కారు సముద్రంలో వేట ఆపేసే రెండు నెలల దగ్గర రాబడి సున్నా అని ఉంది. ఏడాది రాబడి కూడి పన్నెండుతో భాగించాలి, సగటు వేయాలి, ఇది తప్పు అని ఎర్ర ఇంకుతో కొట్టేశాను. ఆ పిల్ల లేచి నిలబడింది.

"సున్నా అయితే సున్నా అనే రాయాల కదండీ టీచర్. ఆ రెండు నెల్లూ మా అమ్మ సగటుని వండి పెట్టనేదు."

క్లాసంతా గొల్లుమంది. ఆఫీసర్ గారు కూడా నవ్వారు. ఆ అమ్మాయి చెప్పిందే సరైన బడ్జెట్ అని, ఆమె పుస్తకం తెప్పించుకుని మరీ చూశారు. నేనూ నవ్వాను. లోపల మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఇరవయ్యేళ్ళు లెక్కలు చెప్పినదాన్ని, పదిహేనేళ్ళ పిల్ల నా లెక్క దిద్దింది. దిద్దింది సరిగ్గానే. అదే కదా మరీ మంట.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇప్పటిదాకా రాసినదంతా దాని చుట్టూ తిరగడమే.

పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షలో రత్నానికి మంచి ర్యాంకే వచ్చింది. తర్వాత ఆన్‌లైన్‌లో ఆప్షన్లు పెట్టాలి. ఏ కాలేజీ, ఏ కోర్సు అన్నది ఇష్టమైన వరసలో రాయాలి. కంప్యూటర్ పైనుంచి చూసుకుంటూ వస్తుంది. ర్యాంకుకి అందేది ఏది ముందు కనిపిస్తే అదే ఇచ్చేస్తుంది. దాని కింద ఏముందో ఇక చూడదు. వరసే ప్రాణం. ఈ మాట పిల్లలకి బోర్డు మీద గీసి మరీ చెప్పింది నేనే.

మా పిల్లల ఇళ్ళలో సిమ్ములు మారిపోతుంటాయి, రీఛార్జీలు అయిపోతుంటాయి. అందుకని అందరి దరఖాస్తుల్లోనూ నా ఫోన్ నంబరే ఇచ్చేదాన్ని. పాస్‌వర్డులూ నా దగ్గరే, మెసేజీలూ నాకే. ఆ ఏడు తొమ్మిది మంది పిల్లల ముందున్న దారి నా చేతిసంచిలో ఉండేది. అందులో తప్పేముందని ఎవరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు.

రత్నం తెల్లకాగితం మీద వరస రాసిచ్చింది. ఒకటి మెకానికల్. రెండు, వేరే కాలేజీలో మెకానికల్. మూడు ఎలక్ట్రికల్. అట్టడుగున, నేను పెట్టమంటే పెట్టింది, ఆడపిల్లల కాలేజీలో ఆఫీసు పనుల కోర్సు. వాళ్ళమ్మ చేపల గంప గుమ్మం బయట దించి, లోపలికొచ్చి, మీకేది మంచిదనిపిస్తే అదే సెయ్యండి టీచర్ గారూ అని దండం పెట్టి వెళ్ళింది.

కంప్యూటర్ రూములో నేనొక్కదాన్నే ఉన్నాను. ఒకటో నంబరు దగ్గర ఆఫీసు పనుల కోర్సు పెట్టాను.

ఎందుకు? ఈ ప్రశ్నకి నా దగ్గర చాలా జవాబులున్నాయి. వర్క్‌షాపులో అందరూ మగపిల్లలే, ఈ పిల్ల నెగ్గుకు రాలేదనుకున్నాను. రెండు బస్సులు మారాలనుకున్నాను. ఏసీ గదిలో కూర్చునే ఉద్యోగం వస్తే వాళ్ళమ్మ సుఖపడుతుందనుకున్నాను. అన్నీ నిజంగానే అనుకున్నాను. కానీ మంచిదే అనుకుంటే ఆ పిల్లని పిలిచి చెప్పి ఉండొచ్చు కదా? వాదించి ఉండొచ్చు కదా? వాదిస్తే మళ్ళీ ఆమే గెలుస్తుందని నాకు తెలుసు. మౌస్ నొక్కేటప్పుడు నా కళ్ళ ముందున్నది ఆమె భవిష్యత్తు కాదు, వెనక బెంచీలో నవ్విన ఆఫీసరు మొహం. ఇది నాలో నేను ఒప్పుకోవడానికే ఏళ్ళు పట్టింది.

సీటు వచ్చింది. ఆఫీసు పనుల కోర్సు. రాక ఏం చేస్తుంది, పైన పెట్టాక.

ఏ కోర్సులో ఎంత వెనక ర్యాంకు దాకా సీట్లు వచ్చాయో తర్వాత వెబ్‌సైట్లో పెట్టారు. మధ్యాహ్నం స్టాఫ్ రూములో క్యారేజీ విప్పుకుని చూశాను. రత్నం కోరిన మెకానికల్ సీటు ఆమె కంటే చాలా వెనకున్న వాళ్ళకి కూడా వచ్చింది. అన్నం కలిపిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

ఇక్కడితో ఆగినా బాగుండేది. అప్పటికింకా దిద్దుకోవచ్చు.

నాలుగు రోజుల తర్వాత రత్నం టీసీ కోసం వచ్చింది. నేను రిజిస్టరులో సంతకం పెడుతున్నాను, ఆమె బల్లకి అటువైపు నిలబడింది. నా ఫోన్ బల్ల మీదుంది. గుర్రుమని కదిలింది. తెర వెలిగింది. రెండో విడత మొదలైంది, కావాలంటే ఆప్షన్లు మళ్ళీ పెట్టుకోవచ్చు అని మెసేజి. పైన రత్నం పేరు. ఆమె కాస్త ముందుకి వంగితే చాలు, తలకిందులుగానైనా చదివేసేది.

ఫోన్ బోర్లా తిప్పి పెట్టాను.

"టీచర్, మెకానికల్ ఎందుకు రానేదండి?"

"ర్యాంకు చాల్లేదమ్మా."

"ఇంకో సుట్టు ఉంటాదంటన్నారు. మళ్ళీ పెడితే ఏటవుద్దండి?"

"ఉన్న సీటు కూడా పోతుంది."

అది రెండో అబద్ధం. కొత్తది రాకపోతే పాతది ఉంటుంది, ఎక్కడికీ పోదు. చెబితే ఆమె ఏ నెట్ సెంటరుకో వెళ్ళి తన వరస చూసుకుంటుంది, చూసుకుంటే నేను దొరికిపోతాను. ఆ క్షణంలో నా బుర్రలో ఉన్నది అదొక్కటే. వరస మార్చినప్పుడు మంచి చేస్తున్నానన్న భ్రమైనా ఉంది. ఇప్పుడది కూడా లేదు. నా పరువు ఒకవైపు, ఆ పిల్ల చదువు ఒకవైపు. నేను నా పరువునే ఎంచుకున్నాను.

రత్నం కాసేపు గోళ్ళు చూసుకుంది. నా ముందెప్పుడూ తల దించని పిల్ల. "నానే ఇంకా బాగా సదవాల్సిందండి," అంది. టీసీ మడిచి, నా కాళ్ళకి దండం పెట్టి వెళ్ళింది. నేను ఆపలేదు. గేటు దాటేదాకా చూసి, మెసేజి తీసేశాను.

మర్నాటి నుంచీ మామూలుగానే పాఠాలు చెప్పుకున్నాను. మామూలుగా ఉండగలిగానంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. అయితే ఆ తర్వాత ఏ పిల్ల దరఖాస్తులోనూ నా నంబరు ఇవ్వలేదు. స్టాఫ్ అది నా బద్ధకం అనుకున్నారు.

మొన్న శనివారం మా హెడ్మాస్టరు గారు పాత విద్యార్థుల్ని పిలిపించారు, పిల్లలతో నాలుగు మాటలు చెప్పించడానికి. రత్నం వచ్చింది. పోర్టు దగ్గర ఒక చిన్న ఆఫీసులో బిల్లులు కొడుతోందట. చీర, మెడలో ఐడీ కార్డు, బాగానే ఉంది. దిగులుగా ఉంటే నాకు శిక్ష పడినట్టుండేది, బాగుంటే తప్పించుకున్నట్టుండేది. రెండూ కాలేదు. మైకు పట్టుకున్న చెయ్యి చూశాను. గోళ్ళ సందుల్లో నలుపు. ఆదివారాలు ఇప్పటికీ బాబాయి దగ్గరికే వెళ్తోందన్నమాట.

ఆమె నవ్వుతూనే చెప్పింది. తనకి మెకానికల్ పిచ్చి ఉండేదట. ర్యాంకు సాల్నేదట. టీచర్ గారు ఉన్న సీటు పోగొట్టుకోకుండా కాపాడారట. కాబట్టి మీరు కూడా పెద్ద పెద్ద ఆశలు పెట్టుకోకండి, మన ర్యాంకు ఎంతో మనం తెలుసుకోవాల అంది. చివర్లో నా వైపు తిరిగి చేతులు జోడించింది. పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ముందు వరసలో పదో తరగతి పిల్ల ఒకతె ఒళ్ళో ఆప్షన్ల కాగితం పెట్టుకుని కూర్చుంది. రత్నం మాటలు వింటూ, రబ్బరు తీసి ఒకటో నంబరు ఎదురుగా ఉన్నది చెరిపేసింది. తర్వాత ఆ పిల్ల పక్కన కూర్చుని చెరిపినదాన్ని మళ్ళీ రాయించాను. అంతకంటే ఏం చేయగలిగాను? దానివల్ల రత్నానికి ఒరిగేదేం లేదని నాకు తెలుసు.

రత్నం వెళ్ళేటప్పుడు తన నంబరు ఇచ్చింది. మూడు రోజులుగా ఆ నంబరు తీస్తున్నాను, పెడుతున్నాను. చెబితే నా బరువు దిగుతుంది. ఆమె నెత్తిన ఏం పడుతుంది? లేకపోతే ఇది కూడా నేను దొరక్కుండా ఉండటానికి వెతుక్కున్న సాకేనా? ఇప్పుడు కూడా ఆమెకేది మంచిదో నేనే తేలుస్తున్నానా? తెలియడం లేదు. ఆమె రాసిచ్చిన తెల్లకాగితం మాత్రం నా బీరువాలో ఉంది. ఒకటి, మెకానికల్. దాన్ని చింపలేకపోయాను.

ఇవాళ ఆ కాగితం ముందు పెట్టుకునే ఇది రాస్తున్నాను. ఆ రోజు బల్లకి ఇటువైపు కూర్చుని ఆ పిల్లకి చెప్పాల్సిన మాట, ఎనిమిదేళ్ళు ఆలస్యంగా, ఆమె లేని చోట చెబుతున్నాను.

ర్యాంకు చాలింది రత్నం. నీ ర్యాంకు చాలింది.

రాశాను. ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది.